మసాయి మారాకి మొదటిసారి: 600 లెన్స్ అద్దెకి తీసుకోవాలా, క్రాసింగ్ ఫోటో దొరుకుతుందా?

మీరడిగింది క్లుప్తంగా ఇది: ఆగస్టు చివర్లో భార్యతో, పదేళ్ల పాపతో కలిసి ఆరు రాత్రులు కెన్యాలోని మసాయి మారా వన్యప్రాణి రిజర్వ్‌కి వెళ్తున్నారు, చేతిలో క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరా, 70-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ ఉన్నాయి, దూరపువి తీసే పెద్ద 600 ఎఫ్/4 లెన్స్ అద్దెకి తీసుకోవాలా, వైల్డ్‌బీస్ట్ (ఆవులా కనబడే పెద్ద జింక జాతి) మందలు మారా నది దాటే క్రాసింగ్ ఫోటో ఎలాగైనా కావాలి, సెట్టింగులు చెప్పండి అని. సూటిగా చెప్తాను. 600 వద్దు. ఆ అద్దె డబ్బులు బండి మీద పెట్టండి. మీ కుటుంబానికి మాత్రమే ఒక ల్యాండ్‌క్రూయిజర్, దాన్ని నడిపే మంచి డ్రైవర్, ఈ రెండూ కుదిరితే మీ 70-300తోనే ఇంటికి తెచ్చుకోదగ్గ ఫోటోలు వస్తాయి. అవి కుదరకపోతే ఏ లెన్స్ ఉన్నా ఉపయోగం లేదు. నేను 2012 నుంచి ఏడుసార్లు మారా వెళ్లొచ్చాను, ఈ సంగతి తెలియడానికి నాకు మొదటి ట్రిప్ మొత్తం పట్టింది.

ఆ మొదటిసారి ఖర్చు తగ్గుతుందని ఏడుగురు కూర్చునే షేరింగ్ వ్యాన్‌లో వెళ్లాను. పైకప్పు లేస్తుంది, అందరం ఆ సందులోంచి తలలు బయటపెట్టి నిలబడాలి. డ్రైవర్ చెవి రేడియో మీదే ఉండేది. ఎవరో ఎక్కడో సింహం అన్నారంటే చాలు, బండి తిప్పి పరుగు. వెళ్లేసరికి అక్కడ తిరునాళ్లలా బండ్లు. రెండు నిమిషాలు చూసి, తలా నాలుగు ఫోటోలు తీసుకుని, మళ్లీ ఇంకో కేక వినబడితే అటు పరుగు. తోటివాళ్ల తప్పేం లేదు, వాళ్లకి ఏనుగు, సింహం, చిరుత, అడవిదున్న, ఖడ్గమృగం, ఐదూ చూశామనిపించుకోవాలి. మూడు రోజుల్లో నాలుగు వేల ఫోటోలు తీశాను. హోటల్లో కూర్చుని చూసుకుంటే అన్నీ పైనుంచి కిందికి తీసిన వీపులు, నిద్రపోతున్న పొట్టలు, పక్క బండి అద్దం. ఒక్కటి కూడా ఫలానా జంతువు ఫలానా పని చేస్తోంది అని చెప్పేది లేదు.

మరుసటి ఏడు బండి నాకొక్కడికే మాట్లాడుకున్నాను. డ్రైవర్ ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన పెద్దాయన. మొదటిరోజు తెల్లారకముందే బయల్దేరి ఒక గడ్డి దిబ్బ పక్కన బండి ఆపి ఇంజన్ కట్టేశాడు. నాకేం కనబడలేదు. ఆయన చూస్తున్నది సింహాల కోసం కాదు, దూరంగా చెదల పుట్ట మీద నిలబడ్డ, టోపి అనే జాతి జింకని. అది ఒక్క వైపే చూస్తోంది, చెవులు కూడా అటే. పది నిమిషాల తర్వాత అదే వైపు గడ్డిలోంచి ఒక ఆడసింహం, దాని వెనకే మూడు పిల్లలు వచ్చాయి. ఆగస్టులో అక్కడ పొద్దున్నే గట్టి చలి, ఎందుకంటే ఆ మైదానం సముద్ర మట్టానికి ఐదు వేల అడుగుల పైనే ఉంటుంది. ఎదురు ఎండలో ఆ తల్లి నోటి ఆవిరి కనబడుతోంది, పిల్లల చెవుల చుట్టూ బంగారు అంచు కట్టినట్టు వెలుగు. మూడు గంటలు అక్కడే ఉన్నాం. రేడియోలో నాలుగైదుసార్లు కేకలు వినబడ్డాయి, ఆయన నా వైపు చూశాడు, నేను తల అడ్డంగా ఊపాను. ఆ పూట తీసిన వాటిలో రెండు ఇప్పటికీ మా ఇంటి గోడ మీద ఉన్నాయి. రెండూ 100-400తో తీసినవే.

అందుకే బండి మాట్లాడేటప్పుడు లెన్స్ గురించి అడిగినంత వివరంగా దీని గురించి అడగండి. బండి మీకొక్కరికేనా, మనిషికో కిటికీ వస్తుందా, మధ్యాహ్నం భోజనం డబ్బాల్లో పెట్టిస్తే రోజంతా బయటే ఉంటారా, డ్రైవర్ ఇంతకు ముందు ఫోటోలు తీసేవాళ్లతో తిరిగాడా. మీరు బస చేసే క్యాంపు రిజర్వ్ గేటు లోపలా బయటా అన్నది కూడా చాలా ముఖ్యం. ఆగస్టులో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. బయట ఉంటే ఆ సమయానికి మీరు గేటు దగ్గర వరుసలో ఉంటారు. భూమధ్యరేఖకి అంత దగ్గర కాబట్టి సూర్యుడు ఏటవాలుగా కాకుండా నిట్టనిలువుగా ఎక్కేస్తాడు, మెత్తటి వెలుగు ముప్పావుగంట ఉంటే ఎక్కువ. ఆ ముప్పావుగంట గేటు దగ్గర పోగొట్టుకుంటే ఎంత ఖరీదైన లెన్స్ ఉన్నా ఒకటే. రిజర్వ్ టికెట్టు కూడా ఖరీదే, విదేశీ పెద్దవాళ్లకి జులై నుంచి డిసెంబరు దాకా రోజుకి 200 డాలర్లు, మిగతా ఆరు నెలలు 100. అంత పెట్టి లోపలికి వెళ్తున్నప్పుడు వెలుగున్న ప్రతి గంటా లోపలే ఉండాలి.

ఇంకో మాట, వీలైతే ఆరు రాత్రుల్లో రెండు లేదా మూడు రిజర్వ్‌ని ఆనుకుని ఉన్న కన్సర్వెన్సీల్లో ఉండండి. నబోయిషో, ఓలారే మొటొరోగి, మారా నార్త్ లాంటివి. ఇవి అక్కడి మసాయి తెగ కుటుంబాల సొంత భూములు, క్యాంపులు వాళ్లకి నెలనెలా కౌలు కట్టి జంతువుల కోసం ఖాళీగా ఉంచుతాయి. బండ్ల సంఖ్య మీద గట్టి పరిమితి ఉంటుంది, దారి దిగి గడ్డిలోకి వెళ్లనిస్తారు, రిజర్వ్‌లో అది కుదరదు. అంటే వెలుగు ఎటున్నదో చూసుకుని బండిని సరైన వైపు పెట్టుకోవచ్చు. సింహం ఫోటోలు అక్కడ తీసుకోండి, నది కోసం రిజర్వ్‌కి రండి.

ఇప్పుడు మీరు ఎక్కువగా ఆశపడుతున్న క్రాసింగ్. పదమూడు లక్షల దాకా వైల్డ్‌బీస్ట్‌లు, వాటితో పాటు లక్షల్లో జీబ్రాలు, గజెల్ జింకలు ఏడాది పొడుగునా టాంజానియాలోని సెరెంగెటికీ కెన్యాలోని మారాకీ మధ్య గడ్డి కోసం గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. జనవరి ఆఖరు నుంచి మార్చి లోపు దక్షిణ సెరెంగెటిలో, ఎన్‌డూటు వైపు ఈనుతాయి. జులై నుంచి అక్టోబరు మధ్య మారా నది దగ్గరికి వస్తాయి. ఒకసారి దాటేసి వెళ్లిపోతాయని చాలామంది అనుకుంటారు, కాదు. అటు వాన పడి గడ్డి మొలిస్తే అటు, ఇటు పడితే ఇటు, అదే మంద అదే నదిని పదేపదే దాటుతుంది. అందుకే ఫలానా రోజు ఫలానా చోట దాటుతాయని ఏ కంపెనీ అయినా హామీ ఇస్తే నమ్మకండి.

ఒక రోజు ఎలా ఉంటుందో చెప్తాను. పొద్దున ఎనిమిదింటికి గట్టుకి దూరంగా, నాలుగు వందల మీటర్ల అవతల బండి ఆపాం. ఎదురుగా గట్టు మీద వైల్డ్‌బీస్ట్‌లు పోగవుతున్నాయి. వానాకాలం చెరువులో కప్పలన్నీ ఒక్కసారి గొంతెత్తితే ఎలా ఉంటుందో ఆ మంద అరుపు అలా ఉంటుంది. ముందున్నవి నీళ్ల దాకా దిగుతాయి, వాసన చూస్తాయి, వెనక్కి గెంతుతాయి. వెనకవి తోస్తుంటాయి. ఒక జీబ్రా మోకాళ్ల లోతు దిగి, చెవులు రిక్కించి, చాలాసేపు అలాగే నిలబడింది. ఇసుక మీద రెండు మొసళ్లు, నీళ్లలో ఎన్నున్నాయో లెక్క లేదు. పన్నెండున్నర అయింది. ఆ జీబ్రా ఇంకో అడుగు వేసింది, దాని వెనక పది వైల్డ్‌బీస్ట్‌లు దిగాయి. సరిగ్గా అప్పుడు మా కుడి వైపున్న ఒక బండి ముందు చోటు దొరకాలని గట్టు అంచుకి దూసుకెళ్లింది. జీబ్రా తల ఎత్తి చూసి ఒక్క అరుపు అరిచింది. అంతే, మంద మొత్తం దుమ్ము లేపుకుంటూ వెనక్కి తిరిగి కొండ మీదికి పోయింది. నాలుగున్నర గంటలు. ఆ రోజు మళ్లీ రాలేదు. అక్కడున్న ముప్పై బండ్ల వాళ్ల సంగతి పక్కన పెట్టండి, ఎండలో అంతసేపు దాహంతో నిలబడి ధైర్యం కూడగట్టుకున్న జంతువుల గతి ఏంటి అన్నది నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు.

2025 జులైలో సెరెంగెటి వైపు పర్యాటకులు బండ్లు దిగి గట్టు మీద వరుసగా నిలబడి మందకి అడ్డమైన వీడియో మీరు చూసే ఉంటారు. అది చూసి అందరూ తిట్టారు, తిట్టాల్సిందే. కానీ బండి దిగకుండానే అదే పని చేసేవాళ్లు రోజూ ఉంటారు. కాబట్టి మీ డ్రైవర్‌తో ముందురోజు రాత్రే మాట్లాడుకోండి: మొదటి వంద జంతువులు నీళ్లలోకి దిగి వరుస కుదిరేదాకా మన బండి గట్టు దగ్గరికి పోకూడదు అని. దాటడం మొదలయ్యేదాకా దూరంగా ఉండాలన్నది నియమం కూడా. ఒకసారి ధార మొదలయ్యాక అంత తేలిగ్గా ఆగదు, అప్పుడు నెమ్మదిగా వెళ్లినా మీకు పది నుంచి ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ఫోటోకి అది చాలా ఎక్కువ. డ్రైవర్లు టిప్పు కోసమే ఎగబడతారు, క్లయింటు వద్దంటే వాళ్లకీ హాయి. నదికి పడమటి వైపు ఉన్న భాగాన్ని మారా ట్రయాంగిల్ అంటారు, దాన్ని 2001 నుంచి మారా కన్సర్వెన్సీ అనే సంస్థ చూస్తోంది, నియమాలు అక్కడ కాస్త గట్టిగా అమలవుతాయి. నదికి రెండు రోజులు కేటాయించదలిస్తే ఆ వైపు ఎంచుకోండి.

క్రాసింగ్‌లు ఎక్కువగా తొమ్మిదీ నాలుగూ మధ్యే జరుగుతాయి, అంటే వెలుగు నెత్తి మీద ఉన్నప్పుడు. రంగులు చదునుగా వస్తాయి. దానికి బాధపడకుండా నలుపు తెలుపులో ఆలోచించండి. దుమ్ము, నీటి తుంపర, నల్లటి ఒంటి మీద తడి మెరుపు, ఇవి నలుపు తెలుపులో బాగా నిలబడతాయి. నా సెట్టింగులు: మాన్యువల్ మోడ్, ఆటో ఐఎస్ఓ, షట్టర్ సెకనులో 1/2000 వంతు, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/8. ఎఫ్/8 ఎందుకంటే దూకేది ఒకటి కాదు, వరుసగా ముందూ వెనకా నలభై ఉంటాయి, అన్నీ స్పష్టంగా పడాలి. జూమ్ చివరిదాకా లాగి ఒకే జంతువు మొహం మీద పడకండి. మొదటి రెండు నిమిషాలు అలా తీయండి, తర్వాత 70 దగ్గరికి వచ్చేయండి. గట్టు, నది, మీదున్న మేఘాలు, చీమల బారులాంటి మంద, అదంతా ఒక్క ఫ్రేములో ఉంటేనే చూసేవాళ్లకి అదేంటో అర్థమవుతుంది. మీ లెన్స్ ఈ పనికి సరిగ్గా సరిపోతుంది, 600 ఉన్నవాడు ఆ ఫోటో తీయలేడు. చివర్లో ఓపిక ఉంటే షట్టర్ 1/25కి దించి మందతో పాటు కెమెరా తిప్పుతూ తీయండి, వందలో రెండు వస్తాయి, ఆ రెండూ బాగుంటాయి.

దాటడం అయిపోగానే బండ్లన్నీ వెళ్లిపోతాయి. మీరు ఉండండి. తల్లి తప్పిపోయిన దూడ అవతలి గట్టు మీద నిలబడి అరుస్తుంటుంది, ఒక్కోసారి తల్లి మళ్లీ ఈదుకుంటూ వెనక్కి వస్తుంది కూడా. అడుగున రాళ్ల మధ్య మునిగిపోయినవి ఉంటాయి. 2017లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క ప్రకారం ఏటా సగటున 6,250 వైల్డ్‌బీస్ట్‌లు ఈ నదిలో మునిగి చనిపోతాయి, బరువులో చూస్తే దాదాపు 1,100 టన్నులు. మొసళ్లు తినగలిగేది అందులో కొంచెమే. మిగతాదాంట్లో కొంత రాబందులు, మరబూ కొంగలు, చేపలు తింటాయి, ఎముకలు కరగడానికి ఏడేళ్లు పడుతుంది, అన్నేళ్లూ అవి నదికి ఎరువులాగా పనిచేస్తాయి. ఆ సంగతి చదివాక నేను నది ఫోటోలు తీసే తీరే మారింది. దూకడం ఒక్కటే కాకుండా, మరుసటి రోజు అదే చోట రాబందులు రెక్కలు ఆరబెట్టుకోవడం, మరబూ కొంగ నీళ్లలో కళ్లు పెట్టి నిలబడడం కూడా తీస్తాను. అక్కడ పోటీ ఉండదు, బండ్లు ఉండవు, కావలసినంత సమయం.

చీతా గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ముందు పేరు సంగతి, మనం చిరుత అనేది లెపర్డ్‌ని, చీతా వేరు, బక్కపలచగా ఉండి కళ్ల నుంచి నోటి దాకా నల్లటి కన్నీటి చారలుంటాయి. మారాలో ఫోటోగ్రాఫర్లందరికీ చీతా పిచ్చి, ఎందుకంటే అది పగలు వేటాడుతుంది. ఆ పగటి వేటే దానికి ముప్పయింది. 2018లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలిందేంటంటే, పర్యాటకులు తక్కువగా ఉన్న చోట ఒక తల్లి చీతా ఒక ఈతకి సగటున రెండు పిల్లలకి పైగా పెంచి పెద్దచేస్తుంటే, బండ్ల రద్దీ ఎక్కువున్న చోట ఆ సగటు 0.2. అంటే ఐదు ఈతలకి ఒక్క పిల్ల.

ఆ లెక్క రాకముందే నేను దాన్ని కళ్లతో చూశాను, అందులో నా పాత్ర కూడా ఉంది. 2016లో నాలుగు పిల్లల తల్లి ఒకటి గజెల్ గుంపు మీద గురిపెట్టి గడ్డిలో పొట్ట ఆనించి పాకుతోంది. మేం దాని వెనక ఉన్నాం, నాకు దాని మొహం కావాలి. కాస్త ముందుకి తీసుకెళ్లమని డ్రైవర్‌ని నేనే అడిగాను. ఆయన వద్దన్నాడు, నేను మళ్లీ అడిగాను. బండి కదిలింది, మమ్మల్ని చూసి ఇంకో రెండు బండ్లు కదిలాయి, గజెల్‌లు తలెత్తాయి, గెంతుకుంటూ పోయాయి. ఆ తల్లి లేచి నిలబడి మా వైపు కాసేపు చూసి, నడిచి వెళ్లి ఒక పొద నీడలో పడుకుంది. పిల్లలు వచ్చి పాల కోసం కుమ్మాయి. దాని డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. నాకు దాని మొహం ఫోటో దొరికింది, ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. అప్పట్నుంచి నేను పెట్టుకున్న లెక్క ఇది: వేటాడుతున్న జంతువు దగ్గర ఇంజన్ ముట్టుకోను, దానికీ అది చూస్తున్న వేటకీ మధ్యకి వెళ్లను. రిజర్వ్ నియమాల ప్రకారం కూడా పిల్లి జాతి జంతువు చుట్టూ ఐదు బండ్లకి మించి ఉండకూడదు, 25 మీటర్ల దూరం పాటించాలి. ఆరో బండి మీదైతే దూరంగా ఆగి వంతు కోసం చూడండి, లేదా వేరే చోటికి వెళ్లండి.

సెట్టింగుల్లో మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. నిలకడగా ఉన్న జంతువుకి షట్టర్ 1/500 చాలు, నడుస్తుంటే 1/1000. మీ కెమెరాలో జంతువు కన్ను పట్టే ఫోకస్ ఉంటే అదే పెట్టండి, గడ్డి అడ్డమొచ్చి ఫోకస్ పోతుంటే ఒకే పాయింట్‌కి మార్చుకోండి. ఎదురు వెలుగులో దుమ్ము లేస్తున్నప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గించండి, అంచుల వెలుగు నిలుస్తుంది. తొమ్మిది దాటాక దూరపు ఫోటోలు మసకగా వస్తే లెన్స్‌ని తిట్టుకోకండి, అది నేల మీంచి లేచే వేడి, మన తారు రోడ్డు మీద మే నెలలో కనబడే నీటి అలలాంటిదే. ఏ ఫోకస్సూ దాన్ని దాటలేదు, దగ్గరగా ఉన్నదాన్ని తీయండి లేదా కెమెరా పక్కన పెట్టి భోజనం చేయండి. వీలైనంత వరకు పైకప్పులోంచి కాకుండా కిటికీలోంచి తీయండి, జంతువు కంటికి మీ లెన్స్ ఎంత దగ్గర ఎత్తులో ఉంటే ఫోటోకి అంత ప్రాణం. పొడుగు లెన్స్‌కి నిజంగా ఒక లాభం ఉంది, దూరం నుంచి తీస్తే ఆ పైనుంచి చూసే కోణం తగ్గుతుంది. అందుకని ఇంకా ఆశ చావకపోతే 100-400 గానీ 150-600 గానీ అద్దెకి తీసుకోండి, మూడు కిలోల ఎఫ్/4 మాత్రం వద్దు. రెండో కెమెరా బాడీ దొరికితే ఇంకా మంచిది, ఆ దుమ్ములో లెన్స్ మార్చడం అంటే సెన్సర్ మీద మట్టి చల్లుకోవడమే.

లెన్స్ పొడుగు మీద నమ్మకం ఇంకా పోకపోతే నిక్ బ్రాండ్ట్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు చూడండి. తూర్పు ఆఫ్రికాలో, ముఖ్యంగా కెన్యాలోని అంబోసెలీ పార్కు ఏనుగులని ఆయన ఫిల్ము మీద, పెంటాక్స్ 67 కెమెరాతో, టెలిఫోటో లెన్స్ లేకుండా నలుపు తెలుపులో తీశాడు. దగ్గరికి పరిగెత్తి కాదు, జంతువు తనంతట తాను దగ్గరికి వచ్చేదాకా రోజుల తరబడి కూర్చుని. తర్వాత 2010లో ఆ ఏనుగుల రక్షణ కోసం బిగ్ లైఫ్ ఫౌండేషన్ మొదలుపెట్టినవాళ్లలో ఆయన ఒకడు.

సాధన ఇక్కడే చేయండి, అక్కడికెళ్లి బటన్లు వెతుక్కోకూడదు. ఆగస్టు ప్రయాణం కాబట్టి మీకు జులై ఉంది, నాట్ల కాలం. ఊరి బయటికి వెళ్తే దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనక తెల్ల కొంగలు వందల్లో ఉంటాయి. నల్లటి బురద, తెల్లటి రెక్కలు, ఎప్పుడు ఎగురుతాయో తెలియని గుంపు, దీనికన్నా మంచి బడి లేదు. కొంగ రెక్కల్లో ఈకలు కాలిపోకుండా, బురద మరీ నల్లబడకుండా ఎక్స్‌పోజర్ పట్టగలిగితే మారాలో మీకు కష్టం ఉండదు. ఎగిరే పక్షిని ఫ్రేములో నిలబెట్టడం వచ్చాక అదే కొంగల మీద 1/30తో కెమెరా తిప్పడం ప్రయత్నించండి. తిరిగొచ్చాక చలికాలంలో నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి గూడబాతుల మీద ఇదే చేయండి, అక్కడ నేర్చుకున్నది ఇక్కడ ఎంత పనికొస్తుందో మీకే తెలుస్తుంది.

సామాను విషయంలో నాకు తెలిసినవి. బీన్ బ్యాగ్ (కిటికీ మీద పెట్టి లెన్స్ ఆనించుకునే దిండు) ఖాళీ సంచిగా తీసుకెళ్లండి, మందపాటి కాన్వాస్‌తో జిప్పు పెట్టి మన టైలర్ చేతే కుట్టించుకోవచ్చు, నైరోబీలోనో దారిలో వచ్చే నరోక్‌ ఊళ్లోనో నాలుగు కిలోల బియ్యం కొని నింపితే సరి. తిరిగొచ్చేటప్పుడు ఆ బియ్యం డ్రైవర్‌కి ఇచ్చేయండి. ప్లాస్టిక్ కవర్లు సూట్‌కేసులో పెట్టకండి, కెన్యాలో 2017 నుంచి నిషేధం, ఒక్కసారి వాడి పారేసే సీసాలూ పార్కుల్లోకి తీసుకెళ్లకూడదు. అక్కడి ప్లగ్గులు బ్రిటిష్ రకం, చదును పళ్లవి, అడాప్టరు కావాలి. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయం నుంచి చిన్న విమానంలో మారా వెళ్తే చేతి సంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగు. రోడ్డు మీదైతే ఐదారు గంటలు, బరువు బెంగ లేదు, పైగా దారిలో రిఫ్ట్ లోయ కనబడుతుంది. పాపకి చిన్న విమానంలో కడుపు తిప్పుతుందనుకుంటే రోడ్డే నయం. కెమెరా సామాను ఖరీదైనదైతే బయల్దేరేటప్పుడు మన ఎయిర్‌పోర్టు కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి, తిరిగొచ్చినప్పుడు బయట కొన్నారా అన్న టెన్షన్ ఉండదు. వీసా బదులు ఇప్పుడు ఆన్‌లైన్ ఈటీఏ (ముందుగా తీసుకునే ప్రయాణ అనుమతి), 2024 జనవరి నుంచి.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం చివరి వారానికి వదలకండి. వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. గుర్తింపు ఉన్న కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం పనిచేస్తుంది, మీ ముగ్గురికీ కలిపి ఒకే రోజు వెళ్లండి.

మసాయి ఊరికి తీసుకెళ్తామంటే వెళ్లండి, కానీ కెమెరా మొదటి అరగంట సంచిలోనే ఉంచండి. డబ్బులు ఎంత, ఎవరికి అన్నది ముందే మాట్లాడుకుని, మొహాలు తీసేముందు అడిగి, తీశాక తెర మీద చూపించండి. పాప ఉంది కాబట్టి అక్కడి పిల్లలు ముందు తన దగ్గరికే వస్తారు, మీకు రావలసిన ఫోటోలు అప్పుడు వస్తాయి.

పాప గురించి మీరు ఒక్క ముక్కే అడిగారు, బోర్ కొడుతుందేమో అని. ఆరు గంటలు బండిలో కూర్చుని లెన్స్ పట్టుకోని వాళ్లకి నిజంగానే కొడుతుంది, అందుకని ఒక పని ఇవ్వండి. ఒక మాదిరి ఖరీదులో 8 బై 42 బైనాక్యులర్స్ కొని తనకే ఇచ్చేయండి, మీరు అడిగి లాక్కోకండి. బయల్దేరే ముందే నాలుగు స్వాహిలి మాటలు నేర్పండి, సింబా అంటే సింహం, చుయి అంటే చిరుత, దూమా అంటే చీతా, న్యుంబు అంటే వైల్డ్‌బీస్ట్, మాంబా అంటే మొసలి, కిబోకో అంటే హిప్పో. రేడియోలో డ్రైవర్ల మాటల్లో ఇవి వినబడితే తను మీకు అర్థం చెప్తుంది. చెదల పుట్టల మీద టోపి జింకలు ఎటు చూస్తున్నాయో చూడమని కూడా చెప్పండి. 2022లో మా అన్నయ్య కూతురు, అప్పుడు దానికి పదకొండేళ్లు, ఈ పద్ధతిలోనే డ్రైవర్ కన్నా ముందు చెట్టు మీదున్న చిరుతని పట్టింది. కొమ్మ కింద వేలాడుతున్న తోక చూసి, కేక పెట్టకుండా, నా భుజం మీద రెండుసార్లు తట్టి వేలు చూపించింది.